కడప బండ ముందు బ్లూ-రే ఎంత?

సినిమాల డీవీడీ నుంచి, అంతకంటే స్పష్టమైన బొమ్మ చూపే బ్లూ-రే బిళ్లకి మారడం లాభమా అని కడప ఏడురోడ్ల కూడలిలో ఎవరినైనా ఆపి అడిగితే ఎగాదిగా చూస్తారు. 2006లో బజారుకొచ్చిన సరుకు గురించి ఇప్పుడా అడిగేది అని. నా మటుకు ఇదే సరైన అదను. ఏదైనా కొనాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఇరవై ఏళ్లన్నా పట్టాలి. బ్లూ-రేకి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీని తొందరపడి కొన్నవాళ్లు, దాన్ని నడిపించిన తోషిబా 2008 ఫిబ్రవరిలో చేతులెత్తేసేసరికి నోరెళ్లబెట్టారు. మా ఊరు అప్పటికి మోసర్ బేర్ అనే బిళ్లల కంపెనీ వాళ్ల 34 రూపాయల డీవీడీలతో సుఖంగా ఉంది.

ముందు లెక్కలు ఒప్పుకుందాం. డీవీడీని చదివే ఎర్ర లేజర్ 650 నానోమీటర్లు, బ్లూ-రేది 405. ఇంటర్ పరీక్షకు సన్నటి పాళీతో చీటీ రాసుకున్నవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. అంతే సైజు బిళ్లలో ఒక పొరకు డీవీడీలో 4.7 జీబీ పడితే, బ్లూ-రేలో 25 పడుతుంది. బొమ్మలో చుక్కలు డీవీడీకి 720 ఇంటూ 576, బ్లూ-రేకి 1920 ఇంటూ 1080. గుణించి చూసుకోండి, సరిగ్గా ఐదు రెట్లు. దీన్ని కాదనేవాడు లేడు. ఐదు రెట్లంట అని షాపుకు పరిగెత్తే ముందు మాత్రం ఇంట్లో టీవీ గూటి వైపు ఒకసారి చూడాలి.

మా జిల్లాలో టీవీ ఎంతుండాలో తేల్చేది మేస్త్రీ. 1990ల్లో ఇల్లు కట్టినవాళ్లు చాలామంది హాలు గోడలో కడప బండలతో అరలు వేయించి, నడుమ 21 అంగుళాల డబ్బా టీవీకి ఒక గూడు వదిలించారు. డబ్బా టీవీ పోయింది. బండ పోలేదు. అది పోయే రకం కాదు కాబట్టే ఊరూరా కొంటారు. మేస్త్రీ కొంచెం ధారాళంగా వదిలి ఉంటే అందులో 32 అంగుళాలది పడుతుంది, లేదంటే అదీ లేదు. సోఫా ఏమో ఎదురు గోడకి, పన్నెండు అడుగుల దూరంలో.

ఇక్కడే చిక్కు. మామూలు చూపున్న మనిషికి 32 అంగుళాల తెర మీద బ్లూ-రే పనితనం మొత్తం కనిపించాలంటే సుమారు నాలుగడుగుల్లో కూర్చోవాలి. ఎనిమిది అడుగులు దాటాక డీవీడీ చుక్కలూ విడివిడిగా కనపడవు, బ్లూ-రే చుక్కలూ కనపడవు. పన్నెండు అడుగుల నుంచి ఫలితం పూర్తిగా దక్కాలంటే 90 అంగుళాల పైమాట టీవీ కావాలి. అంటే గోడన్నా పగలగొట్టాలి, సోఫా అన్నా ముందుకు జరపాలి. గోడ సంగతి బ్యాంకు లోనుతో అయినా తేలుతుందేమో గానీ సోఫా కదలదు. "కండ్లు పోతాయి, ఎనక్కి జరగండ్రా" అని జేజి ఎప్పుడో తీర్పు చెప్పేసింది. దాని మీద అప్పీలు లేదు.

శబ్దం గురించి రెండు ముక్కలు చాలు. బ్లూ-రేలో ఏ నష్టమూ లేని ఆడియో ఉంటుంది. మే నెల కడపలో కూలర్ ఉంటుంది. కూలరే గెలుస్తుంది.

ఇంత చెప్పినా బెంగళూరు నుంచి పండగకొచ్చే బావమరిది ఊరుకోడు. "ఏం బావా, ఇంగా డీవీడీలే చూస్తాండావా?" అని, తను వాడేసి పక్కన పడేసిన బ్లూ-రే ప్లేయరొకటి మోసుకొస్తాడు. దాన్ని తగిలించడానికి టీవీ వెనకాల చెయ్యి పెడతాడు. హెచ్‌డీఎంఐ తూటు సరిగ్గా బండ వైపే ఉంటుంది. వేళ్లు వెళ్తాయి, వైరు వెళ్లదు. మోచెయ్యి గీరుకున్నాక, పక్కన అందుబాటులో ఉన్న పసుపు, ఎరుపు, తెలుపు తూట్లలోనే పాత వైర్లు గుచ్చి, "సూడు బావా, ఎంత క్లారిటీనో!" అంటాడు. పసుపు వైరులో డీవీడీ పాటి బొమ్మే తప్ప అంతకు మించి రాదు. పైగా పాత సినిమాను తెర నిండా సాగదీసి పెట్టడంతో బొమ్మలో అందరూ పెళ్లిభోజనం చేసి లేచినట్టుంటారు. అయినా ఇల్లంతా "అవును, బాగుండాది" అంటారు. అల్లుడి తర్వాత అంత మర్యాద బావమరిదికే కదా.

నిజంగా క్లారిటీ వస్తే అదో ప్రమాదం. కడప అని బోర్డు పెట్టి ఇంకెక్కడో తీసిన ఫ్యాక్షన్ సినిమాలో సుమో నంబరు ప్లేటు మీద ఏపీ 04 కింద చెరిపేసిన పాత నంబరు కనిపిస్తే మా పరువేం కావాలి? మసకలోనే మేము భయంకరంగా ఉంటాం.

నిజానికి బ్లూ-రేకి తగిన సరుకు పాత నలుపు తెలుపు సినిమాలే. ఫిల్ము మీద తీసినవి కాబట్టి నెగెటివ్ బాగుంటే అందులో డీవీడీ పట్టలేనంత వివరం ఉంటుంది. తాడిపత్రి కె.వి.రెడ్డి తీసినవి, మా పొట్టిపాడు బి.నాగిరెడ్డి నిర్మించినవి అలా చూడాలనుంది. ఏం లాభం, తెలుగులో బ్లూ-రేగా వచ్చినవే తక్కువ. నన్ను చూసి నవ్వేవాడు ఫోన్లో ఫుల్ హెచ్‌డీ అని చూసేదానికి సెకనుకు ఐదారు మెగాబిట్లు వస్తే గొప్ప. బ్లూ-రే బొమ్మకు 40 దాకా ఉంటుంది. వాడు నెలనెలా డబ్బు కడతాడు, హక్కులు అయిపోయిన రోజు సినిమా మాయమవుతుంది. నా డీవీడీని బండ మీంచి తీసుకుపోవాలంటే దొంగ రావాలి. దొంగలకూ ఇప్పుడు డీవీడీలు అక్కర్లేదు.

అందుకని నా తీర్పు ఇది. ఎల్‌జీ 2024లో ప్లేయర్ల తయారీ వదిలేసింది, సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూ-రే బిళ్లల తయారీ ఆపేసింది. కొత్తది వెతకొద్దు. సెకండ్‌హ్యాండ్ బ్లూ-రే ప్లేయరు చవగ్గా దొరికితే తెచ్చుకోండి, అది డీవీడీలనూ ఆడిస్తుంది, ఉన్న చుక్కలనే కాస్త నునుపు చేసి చూపిస్తుంది. టీవీని గూట్లోంచి ఓ జానెడు బయటికి లాగి హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. అందులో 34 రూపాయల బిళ్ల వేసి, బ్లూ-రే అని చెప్పి బావమరిదిని సోఫాలో కూర్చోబెట్టండి.