ముందుగా పరుగెత్తేవాళ్లకు మనం ఏమిస్తున్నాం?

ఎండలు ముదిరితే ఒడిశాలోని మన గజపతి జిల్లా పల్లెల్లో ఎక్కడో ఒకచోట పూరిళ్లు కాలుతూనే ఉంటాయి. ఆ మంట దగ్గరకు అందరికంటే ముందు చేరేది పక్కవీధి కుర్రాళ్లు. పొలంలో పాము కాటేసినా, రాత్రివేళ బండి మీద నుంచి ఎవరైనా పడిపోయినా, నిండు చూలాలికి నొప్పులు మొదలైనా ముందుగా వచ్చేది వాళ్లే, లేకపోతే ఊళ్లో ఉన్న ఆశా కార్యకర్త. కాశీనగరం నుంచి పర్లాకిమిడి దాకా ఈ సంగతి ఎరగనివారు ఎవరూ ఉండరు. అయినా వాళ్ల చేతికి ఒక పంపు ఇవ్వాలని, ఒక స్ట్రెచరు ఇవ్వాలని, వాళ్ల పేరిట ఒక బీమా చేయించాలని పంచాయతీ సమావేశంలో ఎవరైనా పట్టుబట్టగా నేను చూడలేదు. శ్రమను, సమయాన్ని వాళ్లు ఊరికి ఉచితంగా ఇస్తున్నారు. పనిముట్ల ఖర్చు, వైద్యం ఖర్చు, పోయిన కూలి కూడా వాళ్లే భరించాలని వదిలేయడం అన్యాయమని చెప్పడానికే ఈ పోస్టు రాస్తున్నాను.

అగ్నిమాపక సిబ్బందిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కబురు అందగానే వాళ్లు బయలుదేరుతారు. తుపాను రోజుల్లో రోడ్ల మీద కూలిన చెట్లను రంపాలతో కోసి దారి చేసేదీ వాళ్లే. కాని తాటాకు కప్పుకు నిప్పంటుకుంటే ఇల్లు కాలిపోవడానికి ఎంతో సేపు పట్టదు. గాలి ఉంటే వరసలోని ఇళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి అంటుకుంటాయి. బ్లాకు కేంద్రంలో బయలుదేరిన బండి ఎంత వేగంగా వచ్చినా, మొదటి ఇరవై, ముప్పై నిమిషాలు ఊరి చేతుల్లోనే ఉంటాయి. ప్రతి ఊరికీ ఒక ఫైరింజను పెట్టడం ఏ ప్రభుత్వం వల్లా కాదు కనుక ఈ పరిస్థితి రేపు కూడా మారదు. ఆ అరగంటను ఎలా వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న.

మంట లేచిన వెంటనే మా వైపు ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ముందు ఎవరో ఒకరు లైన్‌మన్‌కు ఫోను చేసి కరెంటు తీయిస్తారు. అది సరైన పనే, తీగలు తెగి పడితే ఇంకో నలుగురు పోతారు. అయితే కరెంటు పోగానే బోరు మోటార్లు ఆగిపోతాయి, ట్యాంకులో ఉన్న నీళ్లు కాస్తా అయిపోతాయి. అప్పుడు చెరువు గట్టుకు డీజిల్ ఇంజను తేవాలి. ఆ ఇంజను ఎవరి కళ్లంలో ఉందో, డీజిలు ఉందో లేదో వెతకాలి. ఫుట్‌వాల్వు సరిగా పట్టకపోతే పైపులో నీళ్లు నిలవవు, బిందెలతో నీళ్లు పోసి పోసి ఇంజను ఎక్కించాలి. ఇదంతా అయ్యేలోగా కొందరు దోటీలతో, గునపాలతో పక్క ఇంటి కప్పును లాగేస్తారు, మంట అక్కడితో ఆగుతుందన్న ఆశతో. ఆ ఇంటివాళ్లు ఏడుస్తూ అడ్డం పడతారు. మా ప్రాంతంలో వీధులకు వీధులే కాలిపోకుండా నిలబెట్టినది చాలాసార్లు ఈ పనే. దీనికి శిక్షణ ఇచ్చినవాళ్లు లేరు. పెద్దలు చేయగా చూసి నేర్చుకున్నదే. ఎండాకాలమంతా ఒక ఇంజను, ఒక చుట్ట లేపైపు, అయిదు లీటర్ల డీజిలు చెరువు దగ్గర సిద్ధంగా ఉంచితే అందులో సగం ఆలస్యం తగ్గుతుంది. దానికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు, ఊరంతా కూర్చుని ఒక నిర్ణయం చేసుకుంటే చాలు.

నన్ను కదిలించిన సంఘటన ఒకటి ఉంది. మాకు దగ్గరలోని ఒక ఊళ్లో ఇల్లు కాలుతుంటే, రోజుకూలికి వెళ్లే ఒక కుర్రాడు తడి గోనెసంచి కప్పుకుని లోపలికి వెళ్లి గ్యాసు సిలిండరును బయటికి లాక్కొచ్చాడు. అతని రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. తరువాత సభ పెట్టి శాలువా కప్పారు, ఫోటోలు తీశారు, వాట్సాప్‌లో అందరం దండాలు పెట్టాం. వైద్యానికి చందాలు వేసుకున్నాం, అవి చాలలేదు. పరామర్శకు వెళితే వాళ్లమ్మ, "ఈ శాలువా ఏటి చేసుకుంటాం బాబూ? ఆడు రెండు నెల్లు పనికెల్లలేదు" అంది. ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర సమాధానం లేకపోయింది, ఎవరి దగ్గరా ఉండదు. ఉద్యోగంలో ఉన్న ఫైర్‌మన్‌కు గాయమైతే వైద్యం ఉంటుంది, జీతం ఆగదు. అదే మంటలోకి దూకిన కూలివాడికి ఆ రెండూ లేవు.

దీనికి కారణం కొంతవరకు మన వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలను చెబుతుంది, వాటిలో అగ్నిమాపక సేవలు ఉన్నాయి. పంచాయతీల కోసం 73వ సవరణ చేర్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలు ఉన్నా అందులో ఆ మాటే లేదు. పూరిళ్లు, గడ్డివాములు, కళ్లాలు ఉన్నది పల్లెలో. మంటలార్పే బాధ్యత మాత్రం కాగితం మీద పల్లెకు చేరలేదు. రాష్ట్రాల అగ్నిమాపక శాఖల విస్తరణకు, ఆధునికీకరణకు 2023లో కేంద్రం 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. మంచిదే, కొత్త స్టేషన్లూ బండ్లూ రావలసిందే. ఆ డబ్బులో చిన్న వాటా పల్లె దళాల పంపులకు, చేతి తొడుగులకు, శిక్షణకు చేరాలని మన ప్రజాప్రతినిధులు అడగాలి.

స్వచ్ఛంద సేవ అంటేనే సొంత ఖర్చుతో చేసేదని వాదించేవారికి ఇతర దేశాల సంగతి చెప్పాలి. జర్మనీలో అగ్నిమాపక సభ్యుల్లో అత్యధికులు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. కాని బండి, దుస్తులు, స్టేషను సమకూర్చవలసిన బాధ్యత స్థానిక ప్రభుత్వానిది. ప్రమాద బీమా చట్టప్రకారం ఉంటుంది. పిలుపు వచ్చినప్పుడు యజమాని వాళ్లను పనిలోంచి వదలాలి, ఆ గంటల జీతం కోత పడదు. జపాన్‌లో ఊళ్లవారీగా ఉండే స్వచ్ఛంద దళాల సభ్యులకు చిన్న భత్యం, గాయపడితే పరిహారం ఉంటాయి. చిలీలో 1851లో వల్పరైజోలో మొదలైన స్వచ్ఛంద దళాల సంప్రదాయమే నేటికీ ఆ దేశపు అగ్నిమాపక వ్యవస్థను నడుపుతోంది. అక్కడివాళ్లు మనకంటే ధైర్యవంతులేమీ కారు. వాళ్ల ధైర్యానికి వెనక ఒక ఏర్పాటు ఉంది.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నమే జరగలేదని అనను. 2016లో మొదలైన ఆపదమిత్ర పథకం కింద స్వచ్ఛంద సభ్యులకు శిక్షణ, కిట్టు, బీమా ఇచ్చారు. తరువాత దాన్ని 350 జిల్లాల్లో లక్షమందికి విస్తరించాలని నిర్ణయించారు. లెక్క చూస్తే సగటున జిల్లాకు మూడు వందలమంది కూడా రారు. కొండల మధ్య విసిరేసినట్టు పల్లెలు ఉండే గజపతి లాంటి జిల్లాకు అది ఏ మూలకు సరిపోతుంది? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ విషయాన్ని మనకు కళ్లకు కట్టింది. దారులు తెగాయి, ఫోన్లు మూగబోయాయి, వంశధార పొంగింది, మన జిల్లాలోనే బరఘరాలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. అలాంటి రోజున బయటినుంచి ఎంత సమర్థమైన దళమైనా వెంటనే రాలేదు. ఊళ్లో గొడ్డలి పట్టిన చేతులే మొదట దారి తీశాయి.

వైద్యం సంగతి ఇంకా బాధాకరం, ఎందుకంటే అక్కడ తెలియక చేసే మేలు కూడా ప్రాణం తీస్తుంది. వర్షాకాలంలో నాట్ల వేళ పాము కాటేసిందనగానే కాలికి తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్లడం ఇప్పటికీ చూస్తున్నాం. కట్టు బిగిస్తే కాలు చచ్చుబడే ప్రమాదం ఉంది, కోస్తే రక్తం ఆగకపోవచ్చు. చేయవలసింది చాలా తక్కువ: మనిషిని నడవనీయకుండా పడుకోబెట్టి, కాటు పడిన కాలిని వెదురుబద్ద ఆసరాతో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తిన్నగా చేర్చడం. మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు పనిచేస్తుంది. అందుచేత పామును చంపి వెంట తీసుకెళ్లడానికి గంట పాడుచేసుకోనక్కర్లేదు. ఆ మందు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో వారం వారం కనుక్కుని పంచాయతీ గోడ మీద రాసిపెట్టే మనిషి ప్రతి ఊరికీ ఉండాలి. సవర గూడేల నుంచి రోగిని డోలీ కట్టి దించుకొస్తున్న చోట్ల, మడిచే స్ట్రెచరు ఒకటి ఉంటే మోసేవాళ్ల భుజాలకూ రోగి వెన్నెముకకూ ఎంత మేలో మోసినవాళ్లను అడగండి.

చట్టం ఇచ్చిన రక్షణ కూడా సగంలోనే ఆగింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి సాయపడిన వ్యక్తిని వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేరింది. అది రోడ్డు ప్రమాదాల వరకే. మంటలోంచి, చెరువులోంచి, తెగిన కరెంటు తీగ కింద నుంచి మనిషిని లాగినవాడికి అలాంటి స్పష్టమైన రక్షణ కావాలి.

ఇక సరిహద్దు మనకు తెచ్చిపెట్టిన చిక్కు వేరే ఉంది. ఆంధ్రలో 108 సేవ 2005 నుంచి ఉంది, ఒడిశాలో 2013లో వచ్చింది. రెండు రాష్ట్రాలకూ నంబరు ఒకటే. మన ఊళ్లలో ఫోను ఒక్కోసారి అటువైపు టవరును పట్టుకుంటుంది, అప్పుడు కాల్ అటు కంట్రోల్ రూముకు పోతుంది. ఊరు ఏ జిల్లా, ఏ రాష్ట్రం అన్న ప్రశ్నల్లోనే విలువైన నిమిషాలు గడుస్తాయి. ఇటు అందితే కంగారులో ఉన్న మనిషికి ఒడియాలో ఊరి పేరు, బ్లాకు పేరు సరిగా రావు. పాతపట్నం వైపు బండి దగ్గరలో ఉన్నప్పుడు అది గీత దాటి రావడానికి గజపతి, శ్రీకాకుళం జిల్లాల యంత్రాంగాల మధ్య స్పష్టమైన లిఖిత ఒప్పందం ఉండాలి. ఆ మంచిని ఎవరో ఒక అధికారి దయకు వదిలేయకూడదు.

ఈ వేసవికి ముందు జరిగే పల్లిసభలో, అంటే ఊరి సభలో, ఈ విషయాలు ఎత్తమని మన ఊళ్ల పెద్దలను, అప్పలను, అక్కచెల్లెళ్లను కోరుతున్నాను. ప్రతి పంచాయతీలో ఆడవాళ్లతో సహా ఒక పదిమంది పేర్లు రాయించండి. వాళ్లకు ఏడాదికి రెండుసార్లు అగ్నిమాపక సిబ్బంది చేత, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారి చేత అభ్యాసం చేయించమని అడగండి. ప్రమాద బీమా ప్రీమియం పంచాయతీ సొంత ఆదాయం నుంచి కట్టమని అడగండి. చెరువు దగ్గర ఇంజను ఎవరి అధీనంలో ఉంటుందో, డీజిలు ఎవరు పోయిస్తారో, అర్ధరాత్రి షెడ్డు తాళం ఎవరి ఇంట్లో దొరుకుతుందో పేర్లతో సహా తీర్మానంలో రాయించి, ఆ కాపీ ఒకటి బ్లాకు ఆఫీసుకు పంపండి.