అంచుల సంగతి వదిలేశారు

ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ (ఆరుబయట వాడకానికని అమ్మే రకం) కొంటే చాలు, ఆరుబయట పనులకు ఇక దిగులు లేదని ప్లైవుడ్ గురించిన మీ వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. ఆ రకంలో నీటికి తట్టుకునేది జిగురు, చెక్క కాదు. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు మరిగే నీటికి కూడా లొంగదు. పొరల్లోని చెక్క మాత్రం మామూలు చెక్కే. అందులో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తే శిలీంధ్రం పట్టి కుళ్లుతుంది.

నీరు ఎక్కువగా దూరేది కోసిన అంచుల నుంచి. అంచును దగ్గరగా చూడండి, పొర విడిచి పొరలో నారల కొనలు బయటికి తెరుచుకుని ఉంటాయి. నీటిని పీల్చేవి అవే. ముందు అంచు ఉబ్బుతుంది, ఆ వెంటనే పెయింటు పొక్కులు లేస్తుంది. అందుకే షీటు బిగించక ముందే అంచులకు రెండు మూడు పూతల ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పట్టించాలి. చాలామంది కనిపించే వైపంతా నున్నగా రంగు వేసి కింది అంచును గాలికి వదిలేస్తారు. వాన చుక్కలు వేలాడేది అక్కడే మరి!

షీట్ల మధ్య 3 మిల్లీమీటర్ల సందు, తుప్పు పట్టని స్క్రూలు ఎలాగూ తప్పవు. నేలకు ఆనే చోట మాత్రం ఈ రకం వద్దు, చెక్క కుళ్లకుండా ఒత్తిడితో లోపలికి మందు ఎక్కించిన ప్రెజర్ ట్రీటెడ్ ప్లైవుడ్ వాడండి. ప్లైవుడ్ మీద మెరైన్ (పడవల పనికి వాడే రకం) అన్న పేరు చూసి మురిసిపోకండి, దానికి మందు ఎక్కించారో లేదో కొనేముందే అడగండి.