సంక్రాంతి టికెట్టా, లాటరీ టికెట్టా?

జనవరిలో సంక్రాంతికి విశాఖ వెళ్లాలంటే నవంబర్‌లోనే అలారం పెట్టుకోవాలి. ఇదివరకు 120 రోజుల ముందే రైలు రిజర్వేషన్ తెరిచేవారు. 2024 నవంబర్ నుంచి అది 60 రోజులైంది. సరే, మంచిదే అనుకున్నా.

పొద్దున 8 కాకముందే లాగిన్ అయి, పేర్లూ వయసులూ ఎక్కించి కూర్చున్నా. 8 కొట్టగానే నొక్కా. ఆ గుండ్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. పక్కనున్న కాఫీ మీద తొరక కట్టింది. 8:04కి ‘వెయిటింగ్ లిస్ట్ 187’. మా ఆవిడ ఫోన్‌లో అయితే ఏకంగా ‘రిగ్రెట్’, అంటే వెయిటింగ్ లిస్ట్‌లో కూడా చోటు లేదని!

ప్రయాణానికి ముందురోజు తెరిచే తత్కాల్ ఉందిగా అంటారు. ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11కి మళ్లీ అదే గుండ్రం, అదే టెన్షన్. పోనీ జనరల్ బోగీనా? పోయినేడాది సికింద్రాబాద్‌లో ఎక్కి కాజీపేట దాకా బాత్‌రూమ్ తలుపు పక్కన ఒంటికాలి మీద నిలబడ్డా. ఎవరైనా లోపలికి వెళ్లినప్పుడల్లా ఆ కాలు కూడా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇక పండగ వారం బస్సు రేట్లంటారా, ఆ మాట ఎత్తకండి.

నిన్న అమ్మ ఫోన్. “అరిసెలకి బెల్లం చెప్పి ఉంచాను, టికెట్ అయిందా నాన్నా?”

“187 మంది ప్రయాణం మానుకుంటే వస్తానమ్మా” అన్నా.