‘ఇంట్లోనే ఉన్నావుగా!’ అన్న మాట దగ్గరే పని చెదురుతుంది

మధ్యాహ్నం మూడు దాటింది. స్క్రీన్ మీద మోకాలి మార్పిడి ఆపరేషన్ రిపోర్టు ఉంది. నేను చేసేది మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టరు రాసిన రిపోర్టును ఆసాంతం చదివి, జబ్బుకో కోడు, చేసిన వైద్యానికో కోడు వేయాలి. వాటిని చూసే అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. అరిగిపోయింది కుడి మోకాలైతే ఎం17.11, ఎడమదైతే ఎం17.12. తేడా చివరి అంకె ఒక్కటే. ఆ అంకె కొట్టబోతుంటే గేటు దగ్గర గ్యాస్ బండ కుర్రాడి కేక. వంటింట్లోంచి మా అత్తయ్య, "అమ్మాయ్, కాస్త చూడమ్మా, ఇంట్లోనే ఉన్నావుగా!"

లేచాను. ఓటీపీ చెప్పాను, ఖాళీ బండ అందించాను, చిల్లర కోసం రెండు డబ్బాలు వెతికాను. తిరిగొచ్చి 12 కొట్టాను. వారం తర్వాత ఆడిట్‌లో బయటపడింది. కుడికాలి ఆపరేషన్‌కి ఎడమకాలి కోడు. ఆ నెల రివ్యూలో నా పేరు పక్కన ‘ఏకాగ్రత లోపం’ అని రాశారు.

ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. హైదరాబాద్ ఆఫీసులో మూడేళ్లు ఇదే పని చేశాను, ఇలాంటి పొరపాటు ఎప్పుడూ చేయలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి నాలుగు రోజుల ముందు ఆఫీసువాళ్లు సీపీయూలు ఇచ్చి పంపితే, దాన్ని దుప్పట్లో చుట్టుకుని, తెనాలి దాకా ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. మనిషి అదే, సీపీయూ అదే, పనీ అదే. మారింది కూర్చునే చోటు. అయినా లోపం మాత్రం నా బుర్రలో ఉందన్నారు, నేనూ నమ్మాను. పొద్దున్నే లేవండి, ఫోను దూరంగా పెట్టండి, చేయాల్సినవి జాబితా రాసుకోండి అని ఎక్కడ చూసినా కనిపించే సలహాలన్నీ పాటించాను. అవి చెడ్డవేం కావు. కాకపోతే వాటిని రాసినవాళ్ల ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటుంది, ఆ గదికి తలుపు ఉంటుంది, ఆ తలుపు మూస్తే ఎవరూ తట్టరు. ఈ మూడూ లేని ఇంట్లో జాబితా ఎంత శ్రద్ధగా రాసుకున్నా పదకొండింటికల్లా చెదిరిపోతుంది.

ఇంటి నుంచి చేసే పని మీద జరిగిన రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం బాగా అర్థమవుతుంది. మొదటిది షాంఘైలో జరిగింది. సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్ ఉద్యోగుల్లో ఇష్టపడినవాళ్లను రెండుగా విడదీసి, ఒక సగాన్ని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, మరో సగాన్ని ఆఫీసు నుంచి తొమ్మిది నెలలు పనిచేయించారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు లెక్కలు చూశారు. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. మానేసి వెళ్లిపోయేవాళ్లు సగానికి తగ్గారు. 2015లో అచ్చయిన ఈ అధ్యయనాన్ని వర్క్ ఫ్రం హోమ్‌ని సమర్థించే ప్రతివాళ్లూ చూపిస్తారు. అందులోని ఒక షరతు మాత్రం పెద్దగా చర్చకు రాదు. ఆ ప్రయోగంలో చేరాలంటే ఇంట్లో పనికోసం విడిగా ఒక గది ఉండాలి. లేనివాళ్లను తీసుకోలేదు.

రెండోది మన పక్కనే, చెన్నైలో. ఆట్కిన్, షోర్, షిండే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు డేటా ఎంట్రీ పనికి మనుషుల్ని తీసుకుని, ఎవరు ఇంటి నుంచి చేయాలో ఎవరు ఆఫీసుకు రావాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. 2023లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి నుంచి చేసినవాళ్ల ఉత్పాదకత 18 శాతం తక్కువ. ఈ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజు నుంచే ఉంది. అంటే రోజులు గడిచేకొద్దీ బద్ధకం పెరిగిందని అనడానికి లేదు. మొదటి రోజు ఎవరికైనా ఉత్సాహమే ఉంటుంది.

అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. ఇంటి నుంచే చేస్తామని కోరుకున్నవాళ్లు మొదటి పరీక్షలో మిగతావాళ్లకంటే 12 శాతం వేగంగా, తప్పులు తక్కువగా చేసినవాళ్లు. చురుకైనవాళ్లన్నమాట. తీరా ఇంట్లో కూర్చున్నాక, ఆఫీసులో చేయగలిగిన దానికంటే 27 శాతం వెనకపడ్డారు. ఆఫీసు ఇష్టపడ్డవాళ్లు ఇంట్లో వెనకపడింది 13 శాతమే. మరి ఇంట్లో పని సాగనివాళ్లే ఇల్లు కావాలని ఎందుకు అడిగారు? పిల్లలున్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవాల్సినవాళ్లు, డబ్బుకు ఇబ్బంది పడేవాళ్లు వాళ్లలో ఉన్నారని, కారణంలో కొంత అదేనని పరిశోధకులు చెప్పారు. నాకు ఈ వాక్యం చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. ఇల్లు ఎవరిని వదలదో వాళ్లే ఇంటి నుంచి పని అడుగుతారు. ఆ వదలని ఇల్లే వాళ్ల పనిని తినేస్తుంది. నా రివ్యూలో రాసిన ‘ఏకాగ్రత లోపం’ ఇదే.

ఎవరైనా మధ్యలో పిలిస్తే పోయేది ఆ రెండు నిమిషాలే అనుకుంటారు చాలామంది. బుర్ర అలా పనిచేయదు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే, మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రయోగాలతో చూపించారు. బండ పెట్టించి వచ్చాక నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి కానీ, బుర్ర ఇంకా చిల్లర లెక్క దగ్గరే ఉంది. ఆపరేషన్ రిపోర్టులో పది చోట్ల ‘కుడి’ అని రాసి ఉంటుంది. ఒక్కసారి చదివితే చాలు. కానీ ఆ చదివింది తలలో నిలవాలి.

ఈ పిలుపులు ఇంట్లో అందరికీ సమానంగా రావు. మా ఆయన కూడా వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు. ఆయన పడగ్గదిలో లాప్‌టాప్ తెరిస్తే, ఎవరూ చెప్పకుండానే హాల్లో టీవీ గొంతు తగ్గుతుంది. ఆయన అడిగింది కాదు, మా ఇంట్లో మగవాళ్ల పనికి తరతరాలుగా దక్కుతున్న మర్యాద అది. అదే నేను హాలు మూల స్క్రీన్ ముందు కూర్చుంటే, అత్తయ్య కంటికి ఇంట్లో ఉన్న కోడలిగానే కనిపిస్తాను. ఆవిడ తప్పేం లేదు. జీవితమంతా ఇంట్లో ఉన్న ఆడమనిషి అంటే పిలిస్తే పలికే మనిషే అని చూశారు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి దాన్ని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అంటే ఆడవాళ్లకు దాదాపు అయిదు గంటలు. ఆ అయిదు గంటల పని జరిగే చోటులోనే తొమ్మిది గంటల షిఫ్ట్‌ని తెచ్చి పెట్టాం.

మా పనిలో దీనికి తోడు ఇంకో చిక్కుంది. పేషెంట్ వివరాలు ఇతరుల కంట పడకూడదని అమెరికాలో హిపా చట్టం కింద గట్టి నిబంధనలున్నాయి. అందుకని గదిలో నేను తప్ప ఎవరూ ఉండరని, పక్కన ఫోనూ కాగితమూ ఉంచుకోనని కంపెనీకి సంతకం చేసి ఇచ్చాను. మాది రెండు గదులు, ఒక హాలు. ఒక గది అత్తయ్యది, ఒకటి పిల్లాడి చదువుకూ మా పడకకూ. సంతకం చేసేటప్పుడు ఈ సంగతి మేనేజరుకు చెప్పాను. "ఏదోలా అడ్జస్ట్ చేసుకోండమ్మా" అన్నారు. ఆ సర్దుబాటు ఖర్చంతా ఇంటి మీదే పడింది. ఇన్వర్టర్ మేమే కొన్నాం. మరమ్మతు కోసం లైన్‌మన్ లైన్ ఆపించిన రోజున పొద్దున్నించి సాయంత్రం దాకా కరెంటు ఉండదు, ఆ రోజు టార్గెట్ మాత్రం తగ్గదు. 2020 మార్చికి ముందు ఔట్‌సోర్సింగ్ కంపెనీలు మనుషుల్ని ఇంటి నుంచి పనిచేయించాలంటే టెలికాం శాఖ షరతులు చాలా అడ్డొచ్చేవి. ఆ నెలలోనే వాటిని సడలించారు, అదే ఏడాది నవంబర్‌లో చాలావరకు తీసేశారు. ప్రభుత్వం కంపెనీలకు దారి సుగమం చేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఉద్యోగి ఇంట్లో ఏం ఉండాలి, దానికి ఎవరు డబ్బు పెట్టాలి అన్న ప్రశ్న ఇప్పటికీ ఎవరూ ఎత్తడం లేదు.

నాకు దారి దొరికింది ఒక పలక వల్ల. ముందు ఇనప బీరువాను గోడ నుంచి లాగి హాలుకు అడ్డంగా నిలబెట్టాం. దాని వెనక టేబుల్, స్క్రీన్ గోడవైపు. మా అబ్బాయి వాడడం మానేసిన పలకను బీరువా పక్క కిటికీ ఊచకు దారంతో కట్టాను. దాని మీద బలపంతో ఒకటే రాస్తాను, ‘2.45 దాకా’. అది దాటాక పావుగంట లేస్తాను. మళ్లీ ‘4.30 దాకా’. అప్పుడు టీ. ఆరు దాటాక ఇంకోసారి. అత్తయ్య అయిదో తరగతి దాకా చదివారు, అంకెలు చక్కగా చూస్తారు. మొదటి వారం నాలుగైదుసార్లు పిలిచి, వెంటనే "అయ్యో, పలక" అనుకుని ఆగిపోయారు. రెండో వారం మధ్యలో ఒకరోజు పక్కింటి వదిన వచ్చి కరివేపాకు అడిగింది. బీరువా వెనక నుంచి నాకు వినిపించింది, "అమ్మాయి డ్యూటీలో ఉంది, నాలుగున్నరకు రా" అన్నారు అత్తయ్య. ఇంట్లో నా పనిని డ్యూటీ అనడం అదే మొదటిసారి.

పలక ఎందుకు పనిచేసిందో చాలాసార్లు ఆలోచించాను. ‘నన్ను డిస్టర్బ్ చేయకండి’ అంటే రోజంతా మూసిన తలుపులా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు కష్టంగా తోస్తుంది. ‘2.45 దాకా’ అంటే ఆ తర్వాత దొరుకుతానని మాట ఇచ్చినట్టు. ఆ మాట నేను తప్పకూడదు. చార్టు, అంటే పేషెంట్ రిపోర్టు, మధ్యలో ఉన్నా సరే, 2.45కి లేవాల్సిందే. నేను రెండుసార్లు తప్పితే అత్తయ్య మూడోసారి పలకను నమ్మరు. అందుకే చివరి పది నిమిషాల్లో కొత్త చార్టు తెరవను. ఏదైనా సగంలో ఆగితే వేసిన కోడ్లన్నీ చెరిపేసి, వచ్చాక మొదటి లైను నుంచి చదువుతాను. దీనివల్ల రోజుకు ఒకటి రెండు చార్టులు తగ్గాయేమో కానీ, ఆ తర్వాత ఆడిట్‌లో కుడి ఎడమల తప్పు రాలేదు. రాత్రి తొమ్మిదింటికి షిఫ్ట్ అవగానే మానిటర్ మీద పాత టవల్ కప్పేస్తాను. అది కప్పాక ఆఫీసు ఫోను తీయను. మాకు చట్టం ఏమీ తోడు లేదు. ఫ్రాన్స్‌లో పని వేళల తర్వాత ఫోను, మెయిల్‌కు దూరంగా ఉండే హక్కు 2017 నుంచి చట్టంలో ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు బిల్లే పెట్టారు, అది చట్టం కాలేదు.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఫిబ్రవరిలో మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని కల్పిస్తామని ప్రకటించారు. పట్టణాల్లో, మండలాల్లో ఇంటికి దగ్గరగా కూర్చుని పనిచేసుకునే ఆఫీసు చోట్లకు ప్రోత్సాహకాలిచ్చే విధానం గురించి కూడా చెప్పారు. ఈ రెండింటిలో నాకు రెండోదే ముఖ్యం. ఇంటి నుంచి పని ఒక్కటే ఇస్తే, చెన్నై అధ్యయనంలో 27 శాతం వెనకపడ్డవాళ్లలాంటివాళ్లే మన దగ్గరా తయారవుతారు. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక బల్ల, కరెంటు, మూసుకునే తలుపు ఉంటే, ఆడమనిషి గడప దాటి డ్యూటీకి వెళ్లినట్టే, పిల్లాడికి జ్వరమొస్తే పదినిమిషాల్లో ఇంట్లో ఉన్నట్టే.

వీటి కోసం అన్నిచోట్లా కొత్త భవనాలే కట్టాలా అని నాకు అనిపిస్తుంది. చాలా ఊళ్లలో శాఖా గ్రంథాలయం ఉంది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టిన జిల్లాల వాళ్లం, ఊరందరికీ నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ఈ శాఖా గ్రంథాలయాలు చాలావరకు ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలే తెరిచి ఉంటాయి. మధ్యాహ్నమంతా తాళం. ఆ మధ్యాహ్నాల్లో ఒక గది, మంచి ఇంటర్నెట్, ఒక ఇన్వర్టర్ ఇస్తే డిజైన్, అకౌంట్స్, టెస్టింగ్ పనులు చేసేవాళ్లెందరో అక్కడ కూర్చోగలరు. పేషెంట్ వివరాలు చూసే నాలాంటివాళ్లకు అది కుదరదు, విడి క్యాబిన్ కావాలి. అయినా మా వీధిలోనే ముగ్గురికి కుదురుతుంది, అందులో ఒకమ్మాయి ఇప్పుడు మేడ మీద ట్యాంకు పక్కన రేకుల కింద కూర్చుని పనిచేస్తోంది.

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. మా టీమ్ కాల్ రాత్రి 7.30 నుంచి 8.30కి మారుతుంది. సరిగ్గా అత్తయ్య అన్నం తిని బీపీ మాత్ర వేసుకునే వేళ. ఇన్నాళ్లూ ఆ మాత్ర, గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు నేనే అందించాను. పలక మీద టైము మారుతుందని ఆవిడకు ముందే చెప్పాను. మాత్ర ఎవరందించాలో మా ఆయనతో ఈ ఆదివారం కూర్చుని మాట్లాడాలి.