నెమ్ము నీళ్ల గురించి ఆ ఆడియో చెప్పేది నమ్మకండి

కావలి, కందుకూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. ఊపిరితిత్తులకు నీరు పడితే అది టీబీయేనట. సూది వేసి తీయిస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందట. రక్తపరీక్ష బాగుంటే బ్లడ్ క్యాన్సర్ ఊసే అక్కర్లేదట. నీళ్ల రిపోర్టులో క్యాన్సర్ కణాలు లేవని వస్తే ఇక నిశ్చింతేనట. నెల్లూరులో ల్యాబ్‌లో ఆ నీళ్లనే పరీక్షించే నేను ఇది విని ఊరుకోలేను.

ముందు సూది సంగతి. నీళ్లు తీసినందువల్ల లింఫోమా, అంటే లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల్లో పుట్టే బ్లడ్ క్యాన్సర్, పాకదు. మెసోథీలియోమా అనే వేరే క్యాన్సర్‌లో సూది దిగిన దారిలో ఎప్పుడైనా గడ్డ రావచ్చు. దానిక్కూడా నీళ్లు తీయడం మానరు.

టీబీ మాటలో కొంత నిజముంది. నీళ్లలో లింఫోసైట్లు ఎక్కువుంటే మన దగ్గర డాక్టర్లు మొదట టీబీనే అనుమానిస్తారు, అది సబబే. ఆ నీళ్లలో ఏడీఏ అనే ఎంజైమ్ లీటరుకు 40 యూనిట్లు దాటితే అనుమానం బలపడుతుంది. కానీ లింఫోమాలోనూ, చీము పట్టినా ఏడీఏ పెరుగుతుంది. టీబీ మందులు సక్రమంగా వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ ఊరుతుంటే డాక్టర్‌తో లింఫోమా మాట ఎత్తాలి. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు.

రక్తపరీక్ష వాదన అన్నిటికన్నా ప్రమాదం. ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా అని ఒక అరుదైన జబ్బుంది. సాధారణంగా ఎక్కడా గడ్డ కట్టదు, స్కానింగ్‌లో నీరే కనబడుతుంది, క్యాన్సర్ కణాలు ఆ నీళ్లలోనే ఉంటాయి, అందుకే రక్తపరీక్ష బాగున్నా ఇది ఉండొచ్చు. దాని వెనక హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్ ఉంటుంది. ఎక్కువగా హెచ్ఐవీ ఉన్నవాళ్లకు వస్తుంది, అది లేని వయసు మళ్లినవాళ్లకూ అప్పుడప్పుడు వస్తుంది. బి-కణాలు అనే ఒక రకం లింఫోసైట్ల నుంచే పుట్టినా వాటికుండే సీడీ20 గుర్తు దీనికి మామూలుగా ఉండదు. అందుకే సీడీ138 అనే మరో గుర్తు, హెచ్‌హెచ్‌వీ-8 కూడా వెతకాలి.

ఇక ‘కణాలు లేవు’ అన్న రిపోర్టు. కొన్ని లింఫోమాల కణాలు చిన్నవి, మైక్రోస్కోపులో మామూలు లింఫోసైట్లలాగే ఉంటాయి. కణాల మీది గుర్తులను బట్టి వాటిని విడదీసి చూపేది ఫ్లో సైటోమెట్రీ. దానికి బతికున్న కణాలు కావాలి, కణాలను చంపి నిల్వ ఉంచే ఫార్మలిన్ పోస్తే ఆ పరీక్ష కుదరదు. కొంత నీరు తాజాగా, ఫ్రీజర్‌లో కాకుండా మామూలు ఫ్రిజ్ చల్లదనంలో ఉంచి త్వరగా ల్యాబ్‌కి చేర్చాలి. ఇంకొంత కణాలను ముద్దగా చేసి పలచటి పొరలుగా కోసి చూసే సెల్ బ్లాక్‌కి ఫార్మలిన్‌లో వేయాలి. ముందే స్టెరాయిడ్లు వాడి ఉంటే లింఫోమా కణాలు చచ్చి దొరక్కపోవచ్చు, ఆ విషయం దాచకండి.

మీవాళ్లకు నీరు తీస్తున్నప్పుడు, పారబోయకముందే, ఫ్లో సైటోమెట్రీకి కొంత పక్కన పెట్టాలా అని డాక్టర్‌గారిని అడగండి.