పొగ మానేసిన పొగడబ్బా గారికి

తేనెటీగలకు పొగపెట్టే మహారాజశ్రీ పొగడబ్బా గారికి నమస్కారాలు.

నేను క్షేమం కాదు. ఎడమ చీలమండ వాచి కాలు చెప్పులో పట్టడం లేదు కాబట్టి ఈ ఉత్తరం తీరిగ్గా కూర్చునే రాస్తున్నాను. తమరు మేకుకు వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

నిన్న నేను చేసిన మర్యాదలో ఏమైనా లోపం ఉంటే చెప్పండి. అడుగున కాగితపు ఉండ, దాని మీద ఎండుటాకులు, ఆ పైన రెండు రోజులు ఎండబెట్టిన గోనెపట్టా చుట్ట. తిత్తి నొక్కి నొక్కి, చల్లని తెల్లపొగ వచ్చేదాకా పావుగంట సేవ చేశాను. ఈగల పెట్టె ముఖద్వారం దగ్గర తమరు రైలింజనులా గుప్పుగుప్పుమన్నారు. నమ్మి మూత తీశాను. తేనెపట్టు ఉన్న మొదటి రెండు చట్రాలూ సజావుగానే వచ్చాయి. జిగురుతో అతుక్కుపోయిన మూడోదాన్ని పెకిలించి రెండు చేతులా పైకెత్తాను. అటూ ఇటూ కలిపి వెయ్యికి తక్కువ కాకుండా ఈగలు. సరిగ్గా అప్పుడు తమరు కన్నుమూశారు.

పొమ్మనలేక పొగబెట్టడం అంటారు. నేను వాటిని పొమ్మనలేదు. కాసేపు తేనె తాగుతూ అటు తిరిగి ఉండమన్నాను, అంతే. పొగ తగిలితే ఎక్కడో నిప్పంటుకుందనుకుని అవి అరల్లోకి తలలు దూర్చి కడుపునిండా తేనె నింపుకుంటాయి. ఒకటి హెచ్చరిక వాసన వదిలినా పక్కదాని దాకా చేరకుండా పొగే కప్పేస్తుంది. తమరి ఉద్యోగమంతా ఇంతే. అది కాస్తా లేకపోయేసరికి మేజోడు మీంచి ఒకటి కుట్టింది. వెంటనే అరటిపండు వాసన. ఎంత తియ్యటి వాసనో! ఈగల భాషలో దానికి అర్థం మాత్రం, శత్రువు ఇక్కడున్నాడు, రండి అని. వచ్చాయి.

ఒంటరిగా ఈగలను పెంచేవారికి మూడో చెయ్యి ఉండదు. చట్రాన్ని గబుక్కున దింపితే ఈగలు నలుగుతాయి, వదిలేస్తే నా పాదాల మీదే పడతాయి. అగ్గిపెట్టె ఉంది. ప్యాంటు జేబులో ఉంది. ఆ ప్యాంటు, మెడ దాకా జిప్పు వేసిన తెల్లదుస్తుల లోపల ఉంది. కాస్త అగ్గిపెట్టె అందుకోండి అని అడుగుదామంటే ఆ తోట మొత్తానికి ఉన్నది నేను, ఒక గుమ్మడిపాదు, నువ్వు.

గుమ్మడిపాదును నేనేమీ అనను. దాని పూలు తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, మాట మీద నిలబడే జాతి. టమాటా పూలకు నా ఈగలతో పనే లేదు. ఆ పుప్పొడి రాలాలంటే పూవును పట్టుకుని ఝుమ్మని అదరగొట్టాలి. తేనెటీగలకు ఆ విద్య రాదు, బయటి తుమ్మెదలే ఎప్పుడో వచ్చి చేసిపోతాయి. నీళ్ల పైపు నేను ఆ చివర ఉన్నప్పుడే ఈ చివర మెలిపడుతుంది. ఇవన్నీ సహించాను.

నీ వంశచరిత్ర కూడా చదివాను. 1870లలో అమెరికాలో మోజెస్ క్విన్‌బీ అనే పెంపకందారు డబ్బాకు తిత్తి బిగించి మీ ముత్తాతను పుట్టించాడు. ఆ ముత్తాతకూ ఈ ఆరిపోయే జబ్బే. తర్వాత బింగ్‌హామ్ అనే మరొకాయన తిత్తికీ డబ్బాకీ మధ్య సందు వదిలి, నొక్కకపోయినా గాలి ఆడేలా చేశాడు. ఆ సందు నీకూ ఉంది. వేలు పెట్టి చూశాను, ఏ అడ్డూ లేదు. పొగ లేదు కానీ పొగరు మాత్రం దండిగా ఉంది.

అయినా ఇంతటితో ఊరుకునేవాణ్ణి. సాయంత్రం నువ్వు చల్లారావని నమ్మి, నీ కడుపులో బూడిదను వంగమడిలో ఎండుగడ్డి పరిచిన చోట దులిపాను. కాలికి తడిగుడ్డ చుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తే మడి మీద పొగ. దట్టమైన, తెల్లటి, ఆగని పొగ! మధ్యాహ్నం నేను బతిమాలినదంతా అక్కడ ఉంది. ఆరు వంగమొక్కల్లో నాలుగు మాడిపోయాయి. ఈ కాలితోనే బకెట్లు మోశాను. ద్రోహీ! ఈగల ముందు చచ్చినట్టు పడుకుని, నోరులేని వంగమొక్కల మీదా నీ ప్రతాపం?

పారేద్దామనే పొద్దున మేకు మీంచి తీశాను. లోపలంతా తారు పేరుకుంది. తిత్తి తోలు మీద నా బొటనవేలు ఆనే చోట మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది. మళ్లీ తగిలించాను.

పెట్టెలో ఇంకా ఏడు చట్రాలు చూడాల్సి ఉంది. నిన్న రాణి ఈగ కనిపించలేదు. మూడో చట్రంలో గుడ్లు కనిపించాయి, గుడ్డు మూడు రోజుల్లో పిల్లపురుగు అవుతుంది కాబట్టి నిన్నటికి మూడు రోజుల ముందు దాకానైనా ఆవిడ ఉన్నట్టే. వాపు తగ్గాక వెళ్దాం. గోనెపట్టా ఎండలో వేశాను. అగ్గిపెట్టెకు దారం కట్టి, ముసుగు బయట మెడలో వేలాడదీసుకుంటున్నాను.

రెండు అగ్గిపెట్టెలు.

ఇట్లు,
తమరి తిత్తి నొక్కేవాడు