మిగిలిపోయిన రెండు స్క్రూలు

మా అత్తయ్య మిక్సీకి ముప్పై ఏళ్లు. అంటే నా పెళ్లికంటే పెద్దది, నాకంటే నమ్మకమైనది కూడా. కిందటి నెల అది కాస్త గరగరమంటే నేను విప్పాను. విప్పడానికి పది నిమిషాలు, బిగించడానికి రెండు గంటలు పట్టింది. బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. మీట నొక్కితే మిక్సీ తిరిగింది.

"చూశారా, అవి లేకపోయినా తిరుగుతోంది. కంపెనీవాడే రెండు ఎక్కువ పెట్టాడు" అన్నాను.

అత్తయ్య ఏమీ అనలేదు. ఆ రెండు స్క్రూలనీ చిన్న గుడ్డలో చుట్టి, పిన్నీసు పెట్టి, "హైదరాబాదులో చిన్నల్లుడుగారు చూస్తారు లెండి" అన్నారు. చిన్నల్లుడు మెకానికల్ ఇంజనీరు. నేను పర్లాఖెముండిలో సైన్సు మాస్టారిని. తగలాల్సిన చోట తగిలింది.

అలా మా మరదలి గృహప్రవేశానికి మిక్సీ కూడా బయల్దేరింది. అది సూట్‌కేసులో రెండు పట్టుచీరల మధ్య పడుకుంది. మేం ముగ్గురం, అత్తయ్య, నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు, విశాఖ పాసింజర్ ఎక్కాం. విశాఖ నుంచి విమానం. అత్తయ్యకి అదే మొదటిసారి.

పాతపట్నం దాటామో లేదో మావాడు ఫోన్‌లోంచి తలెత్తి, "అమ్మమ్మా, విమానాలు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు కూడా వాడతారట" అన్నాడు.

"అంత ముసలివాటిని ఆకాశంలోకి ఎలా పంపుతారండీ?" అని అత్తయ్య నన్నడిగారు.

"మన చిన్న రైలు నడవలేదా? 1900లో మొదలై 2004 దాకా ఇదే దారిలో నడిచింది కదా" అన్నాను.

"నడిచింది బాబూ. ఆగిపోతే దిగి మేమూ నడిచేవాళ్లం. దీనికలా కుదురుతుందేటి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మాస్టారు పాఠం మొదలుపెడతాడు. విమానం వయసు ఏళ్లతో తేలదనీ, ఎన్నిసార్లు లేచి దిగిందన్నదే లెక్క అనీ చెప్పాను. పైన గాలి పలచగా ఉంటుంది కాబట్టి లోపల మనకోసం గాలి నింపుతారు. దాంతో విమానం ఒళ్లు నూనెలో పూరీలా రవ్వంత పొంగుతుంది, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. ఒకసారి లేచి దిగితే ఒక పొంగు. వేల పొంగులయ్యాక రేకు అలిసిపోతుంది.

"రేకు అలిసిపోవడమేటండీ, అదేమైనా కోడలా?" అన్నారు అత్తయ్య.

ఇక్కడే నేను చెయ్యకూడని పని చేశాను. "ఆ పిన్నీసు ఒకసారి ఇలా ఇవ్వండి" అని అడిగాను. గుడ్డకున్న పిన్నీసు తీసి ఇచ్చారు. దాన్ని అటూ ఇటూ వంచాను. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. ఏమీ కాలేదు. ఎనిమిదోసారి పుటుక్కుమంది.

"చూశారా! ఒక్కసారి వంచితే విరగలేదు. అలిసి విరిగింది."

అత్తయ్య రెండు ముక్కల్నీ చూశారు. నన్ను చూశారు. ఇక గుడ్డని నమ్మకుండా, స్క్రూలు రెండూ కొంగున ముడేసుకున్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఎదుటి సీట్లో ఇద్దరు తలలు తిప్పి వింటున్నారు. వినేవాళ్లుంటే నా నోరు నా మాట వినదు. 1954లో కామెట్ అనే జెట్ విమానాలు రెండు గాల్లోనే ముక్కలైన కథ ఎత్తుకున్నాను. కారణం తెలుసుకోవడానికి ఇంగ్లండులో ఒక విమానం ఒంటిని నీళ్ల తొట్టిలో పెట్టి, నీటి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ, మూడు వేల పైచిలుకు పొంగుల దగ్గర అది చిట్లేదాకా చూశారు. ఆ తర్వాత హవాయి వెళ్లాను. 1988 ఏప్రిల్ 28న అక్కడ పంతొమ్మిదేళ్ల బోయింగ్ 737 ఒకటి దీవి నుంచి దీవికి వెళ్తుండగా, ఇరవై నాలుగు వేల అడుగుల ఎత్తులో ముందుభాగం పైకప్పు ఎగిరిపోయింది. అప్పటికి అది 89,680 సార్లు లేచి దిగింది. డెబ్భై ఐదు వేలకని తయారుచేసిన విమానం, దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. పాపం, లోపల పనిచేసే ఒకావిడ పోయింది. మిగిలిన తొంభై నలుగురితో పైలట్లు దాన్ని నేలకి దించారు.

"ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసిందట. కానీ ఎవరికీ చెప్పలేదు" అన్నాను.

"ఎందుకు చెప్పలేదూ?" అత్తయ్య గొంతు పెరిగింది. "మనమైతే చెప్పాలి బాబూ."

"చెప్పాలండి" అన్నాను, నాకేం పోయింది అనుకుంటూ.

భయపెట్టింది నేనే కాబట్టి ధైర్యం చెప్పే బాధ్యతా నాదే అయింది. ఆ సంఘటన తర్వాతే పాత విమానాల మీద తనిఖీలు బిగించారని చెప్పాను. కొన్నేళ్లకోసారి పెద్ద తనిఖీ ఉంటుంది. సీట్లు, లోపలి గోడలు, కింది పలకలు అన్నీ ఊడదీసి అస్థిపంజరాన్ని చూస్తారు. కంటికి కనబడని పగుళ్ల కోసం అల్ట్రాసౌండ్ పెడతారు.

"స్కానింగా? నాకు పిత్తాశయంలో రాళ్లకి తీశారే, అదా?"

"అలాంటిదే."

"మరి అంతా విప్పి మళ్లీ బిగించాక..." అని ఆగి కొంగుముడి తడిమారు.

"మిగలవండీ! వాళ్లు ప్రతి పనిముట్టూ, ప్రతి భాగమూ లెక్క రాసుకుంటారు."

"ఓహో. లెక్క రాసుకుంటారా" అన్నారు. లోకంలో అలాంటి ఆచారం ఒకటుందని ఇప్పుడే తెలిసినట్టు. ఎదుటి సీటువాళ్లు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు.

విమానాశ్రయంలో అద్దంలోంచి మా విమానం కనబడింది. మావాడు దాని నంబరు ఫోన్‌లో కొట్టి, "ఎయిర్‌బస్ 320. పద్నాలుగేళ్లు. నా ఈడుదే అమ్మమ్మా" అన్నాడు.

"నీ ఈడుదైతే మరీ భయం నాయనా" అన్నారావిడ.

నేను లెక్క వేసి చూపించాను. రోజుకు ఆరుసార్లు అనుకున్నా పద్నాలుగేళ్లకి ముప్పై వేలు. దీన్ని మొదట గీసిందే నలభై ఎనిమిది వేలకి. అత్తయ్య వేళ్లు మడిచి, "నేను మేడమెట్లు దీనికంటే ఎక్కువే ఎక్కి దిగుంటాను" అన్నారు. అది నిజమే అయ్యుంటుంది. ఆవిడ మోకాళ్లకి తనిఖీ మాత్రం ఇంకా జరగలేదు.

ఎక్కి కూర్చున్నాం. కిటికీ చుట్టూ పగుళ్లేమైనా ఉన్నాయేమోనని అత్తయ్య తడిమి చూశారు. చీర సర్దుకున్నారు, బెల్టు నలిగిందని విప్పి మళ్లీ పెట్టుకున్నారు, కొంగు దులిపి భుజం మీద వేసుకున్నారు. తలుపులు ఇంకా వెయ్యలేదు. నా చెప్పుకింద ఏదో గుచ్చుకుంది. వంగి తీశాను.

స్క్రూ.

నాకు వెంటనే గుర్తుకు రావలసింది మిక్సీ. గుర్తొచ్చింది హవాయి. అత్తయ్య నా అరచేతిలోకి చూసి, "చెప్పండి బాబూ. ఆవిడలా ఊరుకోకండి" అన్నారు. సిగ్గుపడుతూనే గంట నొక్కాను.

వచ్చిన అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్క్రూ తీసుకుని ముందుకెళ్లింది. ఐదు నిమిషాల్లో పచ్చ కోటు వేసుకున్న ఇంజనీరు టార్చి పట్టుకుని వచ్చాడు. మమ్మల్ని ముగ్గుర్నీ లేపి నడవలో నిలబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని సీటు కాళ్లు, పట్టాలు, పై పెట్టె, అన్నీ వెతికాడు. ఎక్కడిదో తేలందే తలుపు వెయ్యరట. ఈలోగా వార్త వెనక్కి నడిచింది. పదో వరసలో "స్క్రూ ఊడిందట". పదిహేనో వరసలో "సీటు ఊడిందట". ఇరవైయ్యో వరస నుంచి ఒకాయన లేచి, "ఏ వైపు రెక్కండీ?" అని అడిగాడు. నేను మాత్రం ఛాతీ కాస్త ముందుకు పెట్టే నిలబడ్డాను. సైన్సు మాస్టారి వల్ల నూట ఎనభై మంది...

ఇంజనీరు స్క్రూని దీపం దగ్గర పెట్టి తిప్పి చూశాడు. మరల మధ్య ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది.

"తుప్పా?" అన్నాను గంభీరంగా.

గోటితో గీకి వాసన చూశాడు. "కాదు సార్. అల్లం పచ్చడి."

అత్తయ్య చెయ్యి కొంగు మీదికి వెళ్లింది. ముడి ఊడిపోయి ఉంది. ఆవిడ నన్ను చూశారు. నేను సీలింగు చూశాను, అక్కడ పగుళ్లేమీ లేవు. మావాడు ఫోన్‌లో ముఖం దాచుకున్నాడు. విషయం నేనే చెప్పాల్సి వచ్చింది, మిక్సీ దగ్గర మొదలుపెట్టి పిన్నీసు దాకా. ఇంజనీరు ఓపిగ్గా విని, స్క్రూని అత్తయ్య చేతిలో పెట్టి, టార్చి ఆర్పి, వెళ్లడానికి తిరిగాడు.

"బాబూ" అని పిలిచారు అత్తయ్య. "ఒక్కటే ఇచ్చారు. రెండుండాలి."

ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత టార్చి వెలిగించి, మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాడు.